నా పెళ్లి కుండల మీద చేపలు

ఊరందరి పెళ్లిపందిళ్లకూ రంగుల కుండలిచ్చే ఇంట్లో, నా పెళ్లికే కుండలు లేకుండా పోయాయి. తలుచుకుంటే ఇప్పటికీ అమ్మ మీద కోపం వస్తుంది, ఆమె కాళ్లకు దణ్ణం పెట్టాలనీ అనిపిస్తుంది.

గాజువాకలో, ఆటోనగర్ వెనక సందులో మా షెడ్డు. నాన్న సారె తిప్పి కుండలు చేస్తాడు. అమ్మ వాటికి సున్నం పూసి పువ్వులూ చిలకలూ వేస్తుంది. కుంచె ఇంకెవరినీ ముట్టనివ్వదు. నేనడిగినా, "పెళ్లి కుండే ఇది, గీత వొంకరైతే ఎలగ?" అని కసిరేది. నా కుండలు మాత్రం ముందే తీరుబడిగా వేసి అటక మీద దాచింది. వాటిని చూసుకుని ఎంత మురిసిపోయానో!

పెళ్లికి ముందురోజు సాయంత్రం, చేపలు పట్టేవాళ్ల ఇంటావిడ ఒకామె ఏడుస్తూ వచ్చింది. పొద్దున మా దగ్గరే కుండలు తీసుకెళ్లింది. వన్ టౌన్ సందులో ఆటో ఒరిగి అన్నీ పగిలాయట. ఆ రాత్రే వాళ్లమ్మాయి ముహూర్తం.

"ఓలమ్మా, నానిప్పుడేటి సేసేది?" అని గుమ్మంలోనే కూలబడింది.

అమ్మ నన్నో మాట అడిగిందా? లేదు. అటకెక్కి నా కుండలు దించి ఇచ్చేసింది.

"మరి నాకో?" అని అరిచాను.

"నీకు నానున్నాను గదే. ఆళ్లకి టైం లేదు."

మిగిలిన వట్టి కుండలకు అప్పటికప్పుడు సున్నం కొట్టింది. సముద్రపు గాలికి అది తెల్లారేదాకా ఆరితేనా! నా ముహూర్తం దగ్గర పడుతోంది, కుండలేమో బోసిగా ఉన్నాయి. చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు. అమ్మ ఒక్కతే అన్నీ ఎప్పటికి వేస్తుంది? నాకు ఏడుపు ఆగలేదు.

అప్పుడే ఇంటి ముందు ఆటో ఆగింది. ఆవిడే! పెళ్లి బాగా జరిగిందని చెప్పడానికి అరటిపళ్లు పట్టుకుని, తన వాడ ఆడవాళ్లతో వచ్చింది. పెళ్లిబట్టల్లో ఉన్న నన్నూ, బోసి కుండలనూ చూసి నిలబడిపోయింది.

"నీ గుంట కుండలా నాకిచ్చీసినావు?" అంది అమ్మతో, నన్ను చూపిస్తూ. "ముగ్గులేసే సేతులే మావీని. కుంచెలియ్యి."

అమ్మ కుంచెలు తెచ్చి వాళ్ల చేతుల్లో పెట్టింది. అందరూ నేల మీదే కూర్చున్నారు. అమ్మ తన పువ్వులు వేసింది. వాళ్లు వాళ్లకు తెలిసినవే వేశారు, చేపలూ తెప్పలూ.

ఆవిడ వేసిన చేప తోక వంకరపోయింది.

"సెరిపీయనా?" అంది భయంగా.

"ఉండనీ ఒదినా. నా గుంటకి నువ్వేసినది," అంది అమ్మ.

పందిట్లో నా పక్కన ఆ కుండే పెట్టమన్నాను.