డాక్టరమ్మ కారు వెనక తలుపు

ఆదివారం, మధ్యాహ్నం. మదనపల్లెలో ఖాదర్ షెడ్డు. ఉన్నవారు: మెకానిక్ ఖాదర్, హేమ, నేను. హేమ కుప్పంలో పశువుల డాక్టరు, మా డాక్టరమ్మకు మేనకోడలు.

డైరీలో ఈ నాలుగు వాక్యాలు రాసి కలం మూశాను. అంతలో ఖాదర్ కారు వెనక తలుపు పైకెత్తాడు. లోపలి నుంచి వాసన వచ్చింది. టింక్చరు, ఫినాయిలు, గొర్రె బొచ్చు, ఎండకు కాగిన రబ్బరు పట్టా, అన్నీ కలిసిన వాసన. డాక్టరమ్మ పోయి ఏడాది దాటినా ఆ వాసన పోలేదు. ఖాదర్ చెయ్యి వదలగానే తలుపు మెల్లగా కిందికి వాలి, సగంలో ఆగి, చటుక్కున పడింది. హేమ తల పక్కకు తీసుకుంది.

"సూస్తివా మామా. సూది వేసేటప్పుడు పడిందంటే గొర్రెకు పోయేది నా చేతికి పోతాది. ఈ పొద్దు నిలబడితే కుప్పం తీసకపోతా. లేదంటే రేపు పాత ఇనుము కొట్టుకే" అంది.

ఆమె మాటలో తప్పు లేదు. కానీ ఆ కారు ఏమిటో ఆమెకు సగమే తెలుసు. మేనత్త పల్లెల్లో తిరుగుతున్న కాలంలో హేమ దూరంగా హాస్టల్లో ఉండి చదువుకుంది. నేను కాంపౌండరుగా డాక్టరమ్మ పక్కన ఉద్యోగమంతా గడిపినవాణ్ణి.

కారు కొన్ననాడు కుప్పం పోయింది మేమిద్దరమే. గ్రానైట్ వ్యాపారి ఒకాయన తన స్టేషన్ వ్యాగన్ అమ్ముతున్నాడని ఎవరో చెప్పారు. పొడుగు కారు. పైకప్పు చివరిదాకా సాగి ఉంటుంది, విడిగా డిక్కీ ఉండదు, వెనక తలుపు మొత్తం పైకి లేస్తుంది. ఆయన సీట్ల మెత్తదనం, పాటల పెట్టె, ఇంజను గొప్ప ఒకటొకటే చెబుతున్నాడు. డాక్టరమ్మ ఏదీ వినలేదు. వెనక సీటు మడిచి, చెప్పులు విప్పి, పట్టుచీరతోనే లోపలికెక్కి కాళ్లు చాపి పడుకుంది. వ్యాపారి నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

"ఏందమ్మా, ఒళ్లు బాగలేదా?" అన్నాడాయన.

"బాగుండాదప్పా. దూడ పడుకుంటాదా లేదా అని సూస్తాండా. పడుకుంటాది. ఇంగ చాలు" అని లేచి చీర దులుపుకుంది.

అప్పటి నుంచి ఆ కారే మా ఆసుపత్రి. పుంగనూరు చుట్టుపక్కల, పెద్దపంజాణి దాకా, రోడ్డు ఉన్న ఊళ్లకూ లేని ఊళ్లకూ తిరిగాం. ఊరి మొదట్లో కారు తిప్పి నిలిపి వెనక తలుపు ఎత్తితే, అదే నీడ, అదే కప్పు. రబ్బరు పట్టా పరిచిన నేల మీద గొర్రెపిల్లో దూడో పడుకుంటే ఆమె ఆ తలుపు కింద నిలబడి వైద్యం చేసేది. పెద్ద పశువులను పక్కన కట్టించేది.

నాకు ఆమె నేర్పిన మొదటి పాఠం ఆ తలుపు కిందే. రైతు రెండు మాటలు చెప్పగానే మందుల పెట్టె తెరవడం నాకు అలవాటు. ఆమె నా చేతి మీద కొట్టలేదు కానీ కొట్టినంత పని చేసింది. "పెట్టె ముయ్యి చిన్నప్పా. వాళ్లు చెప్పింది వింటివి, అది చెప్పింది వినాల గదా. ముందు చెయ్యి పెట్టి సూడు." మెడ నుంచి తోక దాకా అరచేత్తో మెల్లగా నిమురుతూ పోవాలి. ఎక్కడ వేడి, ఎక్కడ గట్టి, ఎక్కడ చేయి పడగానే జీవం ఉలిక్కిపడుతుంది, అది తెలియాలి. అప్పుడే పెట్టె. నా చేతులకు ఆ ఓపిక రావడానికి చాలా కాలం పట్టింది. ఆమె ఎన్నడూ తొందరపెట్టలేదు, ఎన్నడూ మినహాయింపూ ఇవ్వలేదు.

కొన్నేళ్లకు తలుపు వాలడం మొదలైంది. నేను ఒక వెదురుకర్ర కోసి తెచ్చి తలుపు కింద ఊతంగా పోటు పెట్టాను. అది కొన్ని వారాలు బాగానే ఆగింది. ఒక ఊళ్లో ఆమె వంగి గొర్రెపిల్లకు సూది వేస్తుండగా, వరసలో నిలబడి విసిగిన పొట్టేలొకటి వెనక్కి జరిగి, పరుగున వచ్చి కర్రను కుమ్మింది. తలుపు ఆమె వీపు మీద పడింది. అందరం పరుగెత్తాం. ఆమె వంగినట్టే ఉంది, సూది పట్టిన చెయ్యి కదలలేదు. మందు పూర్తిగా ఎక్కించి అప్పుడు నోరు తెరిచింది.

"చిన్నప్పా, ముందు సూది అందుకో. తలుపు తర్వాత ఎత్తుదువు. ఆ పొట్టేలు ఎవురిది? దానికేం జబ్బు లేదు, ఇంటికి తోలకపోండి."

ఊరంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది, ఒక చేత్తో వీపు పట్టుకుని. ఆ రోజు నుంచి కర్ర మానేసి కొత్త పద్ధతి పెట్టింది. ఎవరి జీవమైతే వాళ్లే తలుపు పట్టుకోవాలి. పట్టుకున్నవాళ్లు ఎటూ పోలేరు, బీడీ వెలిగించలేరు, పక్కవాడితో పంచాయితీ పెట్టలేరు. వైద్యం కళ్ల ముందే జరుగుతుంది. అది చేస్తూనే ఆమె ప్రశ్నలు అడిగేది, ఏం చేస్తున్నదో చెప్పేది. "సూస్తాండావు గదా, రేపు నేను రాను. ఈ కట్టు నువ్వే మార్చాల."

పెద్దపంజాణి పక్క ఊళ్లో ఒక ఆసామి, పదిమంది నమస్కారాలు పెట్టే మనిషి, పాలు తాగని దూడను తెచ్చాడు. తలుపు పట్టుకోమంటే ఆయనకు చిన్నతనమనిపించింది.

"మా పనోణ్ణి పిలుస్తా లేమ్మా."

"దూడ వానిదా?"

"నాదే."

"అట్లయితే నువ్వే పట్టుకోప్పా."

పట్టుకున్నాడు. ఆమె దూడ పొట్ట మీద చెయ్యి పెట్టి, "ఎన్నాళ్ల నుంచి పారుకుంటాండాది?" అని అడిగింది. ఆయన అరుగు మీదున్న భార్య వైపు చూశాడు. ఆమె అక్కణ్నుంచే చెప్పింది. "జున్నుపాలు తాగిందా?" ఆయన మళ్లీ అరుగు వైపు చూశాడు. మూడోసారీ ఆయన అటే చూడగానే డాక్టరమ్మ తల ఎత్తింది.

"నువ్వు పోయి అరుగు మీద కూసో. ఆయమ్మ వచ్చి పట్టుకుంటాది."

భార్య కొంగు బిగించుకుని నవ్వాపుకుంటూ వచ్చి తలుపు పట్టుకుంది. అరుగు మీద ఆసామి ముఖం చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కానీ మరుసటిసారి మేం ఆ ఊరు పోయినప్పుడు అందరికంటే ముందు వచ్చినవాడు ఆయనే. కండువా నడుముకు చుట్టుకుని, అడగకముందే తలుపు కింద నిలబడి, "ఇప్పుడు అడుగమ్మా, అన్నీ నాకే తెలుసు" అన్నాడు. దూడ మేతా నీళ్లూ నిద్రా పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పాడు. ఆ పల్లెల్లో ఇవాళ్టికీ నాటువైద్యానికి పరుగెత్తకుండా జీవాన్ని సొంత చేత్తో నిమిరి చూసేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. అదంతా ఆమె పెట్టిన బడి. ఆ బడిలో నేను మొదటి విద్యార్థినని చెప్పుకోవడం నాకు గర్వం.

షెడ్డులో ఖాదర్ తన పని తాను చేశాడు. తలుపును ఎత్తి నిలిపే రెండు గ్యాస్ రాడ్లను అతను డిక్కీ షాకులంటాడు. ఈ కారుకు అవి దొరకడం ఎప్పుడో మానేశాయి. వేరే పెద్ద బండివి తెచ్చి బిగించాడు. గొళ్లెం తీయగానే తలుపు ఎగిరి పైకి పోయింది, మళ్లీ దిగి రానంది. ఖాదర్ దాన్ని పట్టుకుని వేలాడితే అతని కాళ్లు నేల వదిలాయి.

"అరే అన్నా, డాక్టరమ్మ కారు నన్నే ఎత్తకపోతాండాది" అన్నాడు. కారు లోపలికెక్కి తలుపు లాగుతున్న హేమ నవ్వుతూ కూలబడింది. కానీ దిగి వచ్చాక ఆమె నవ్వు ఆగింది.

"ఇంగ చాలు మామా. చేసింది చాలు. వదిలేద్దాం."

"ఆ షాకులు విప్పు ఖాదర్. కొంచెంసేపు నాకియ్యి" అన్నాను.

షాకులు లేని తలుపును రెండు చేతులతో మెల్లగా ఎత్తాను, మెల్లగా దించాను. కళ్లు మూసుకుని మళ్లీ ఎత్తాను. కుడివైపు బరువు సమంగా వస్తోంది. ఎడమవైపు ఒకచోట చేతికింద ఏదో జారినట్టయింది. తలుపు కాదు, దాన్ని పట్టుకున్న కప్పే వంగుతోంది. రబ్బరు అంచు మీద వేలు పెట్టి నొక్కుతూ పోయాను. కీలు దగ్గర మెత్తగా దిగింది.

"ఈడ తియ్యి" అన్నాను. ఖాదర్ రబ్బరు లాగాడు. లోపల రేకు తుప్పుపట్టి పొరలు పొరలుగా రాలింది. ఎన్ని షాకులు మార్చినా కీలుకు పట్టు లేనప్పుడు తలుపు నిలబడదు.

"ఇది కనిపించేది కాదన్నా" అన్నాడు ఖాదర్. తుప్పు గీకి, లోపల ఇనుప పట్టీ పెట్టి వెల్డింగు చేశాడు. ఈసారి చిన్న బండి షాకులు బిగించాడు. దీపాలు పెట్టే వేళకు తలుపు పైకి లేచి, లేచినచోటే నిలబడింది. హేమ దాని కింద నిలబడి చాలాసేపు పైకి చూసింది. తరువాత నా చేతుల వైపు చూసింది.

"అత్తే గదా నేర్పింది?"

"ఇంకెవురు నేర్పుతారమ్మా."

తలుపు నిలబడినా హేమ కారు ఎక్కడికో చెప్పలేదు. పుంగనూరులో మా ఇంట్లోనే ఆ రాత్రి పడుకుంది. నాకు ఆస్తిగా మిగిలింది పెద్దగా ఏమీ లేదు. ఏ కష్టం వచ్చినా, మనిషికైనా జీవానికైనా యంత్రానికైనా, మాట్లాడకముందే నా అరచెయ్యి ముందుకు పోతుంది. అది నా చెయ్యే అయినా దాని బుద్ధి డాక్టరమ్మది.

మరునాడు ఉదయం హేమ తన మందుల పెట్టె కారులో పెట్టి, "రోడ్డు దాకా రా మామా" అంది. ఆమె పక్కన ఎక్కి కూర్చున్నాను. ఎడమకు తిరిగితే ఇనుము కొట్టు, కుడికి తిరిగితే కుప్పం దారి. మా వీధి చివర ఒక ముసలామె గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని ఆటో కోసం కూర్చుని ఉంది. కారును చూడగానే లేచి చెయ్యి అడ్డం పెట్టింది. కిటికీ దగ్గరికి వచ్చి నన్ను గుర్తుపట్టింది.

"అప్పా, డాక్టరమ్మ వచ్చిందా?"

డాక్టరమ్మ పోయిన సంగతి ఆమెకు తెలియదు. పక్కన ఇంజను ఆగింది. హేమ తలుపు తీసుకుని దిగింది.

"వచ్చినానవ్వా. పిల్లను వెనకపక్కకు తీసకరా, సూద్దాం."

నేనూ దిగి మందుల పెట్టె అందుకున్నాను.