పెద్దకోడలి కార్డు

పోయినవన్నీ ముందే రాసేస్తాను. కార్డు ఏడాది రుసుము, పన్నుతో కలిపి ఐదువందల ఎనభై తొమ్మిది. కార్డు మూసేసినప్పుడు దానితోపాటు పోయిన పాయింట్లు వెయ్యిన్నూట యాభై ఎనిమిది. పాయింటుకి పావలా చొప్పున రెండువందల ఎనభై తొమ్మిదిన్నర. బ్యాంకుకి నాలుగుసార్లు వెళ్ళిరావడానికి ఆటో నూట అరవై. ఫొటోలకీ జిరాక్సులకీ నలభై రెండు. మొత్తం వెయ్యి ఎనభై రూపాయల యాభై పైసలు. "లెక్కంటే మా పెద్దకోడలిదే" అని మా అత్తగారు నలుగురిలో అనే మాట కూడా పోయింది. దానికి ధర కట్టడం నాకు చేతకాక కూడికలో కలపలేదు.

నేను పదో తరగతి దాటలేదు. లెక్కలు చీటీలతో నేర్చుకున్నాను. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా వరస క్వార్టర్ల తెలుగు ఆడవాళ్ళం ఇరవైమందిమి చీటీ కడతాం. పద్దు నాది. నడిపేవాళ్ళు మొదటి నెల పాట లేకుండా ఎత్తుకోవడం మా ఆచారం. తర్వాత నెలనెలా పాట. ఎవరికి పెద్ద మొత్తం ఇస్తే భయం లేదో నాకు బాగా తెలుసు. ఇదివరకు మొత్తమంతా ఎత్తుకుని, తారీఖు తప్పకుండా కట్టినవాళ్ళకి. ఎప్పుడూ పెద్దగా తీసుకోనివాళ్ళు ఎలాంటివాళ్ళో ఎవరు చెప్పగలరు?

మా మరిది భార్య హైదరాబాదు పిల్ల. బొగ్గు కంపెనీ ఆఫీసులో ఉద్యోగం, ఈ ఊళ్ళోనే ఉస్లాపూర్‌లో ఫ్లాటు, పర్సులో నల్లటి క్రెడిట్ కార్డు. కూరగాయలు తప్ప అన్నీ దాని మీదే కొంటుంది. కొన్నకొద్దీ పాయింట్లు వస్తాయి. ఒక దీపావళికి ఆ పాయింట్లతో మిక్సీ తెచ్చి అత్తగారి ముందు పెట్టింది.

"ఎంతయిందే?" అన్నారు అత్తగారు.

"ఏం కాలేదు అత్తమ్మా. ఫ్రీ."

ఆ మిక్సీ నా వంటగదిలోనే ఉంది. నా చేతులతోనే అందులో రోజూ చట్నీ వేస్తాను. "ఎంత మెత్తగా వొస్తాందో సూడు" అంటారు అత్తగారు. అంతకుముందుది నేను కొన్నది. తొమ్మిదేళ్ళు నలిగింది. దాని చట్నీ గురించి ఎవరూ ఏమీ అనలేదు.

అత్తగారి చెల్లెలు విశాఖలో ఉంటుంది. ఆవిడని చూడాలని అత్తగారికి కోరిక. కానీ మోకాళ్ళ నొప్పులతో రాత్రంతా రైలంటే భయం. ఒక ఎండాకాలం ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర ఆ మాట వచ్చింది.

"నాకు పాయింట్లున్నయ్ అత్తమ్మా," అంది నా తోడికోడలు. "చలికాలంల రాయపూర్ నుంచి ఫ్లైట్‌ల పోదాం మనిద్దరం."

"టిక్కెట్టుకి డబ్బులు కట్టక్కర్లేదేటి?"

"ఊహూఁ."

అత్తగారు నావైపు తిరిగి, "సూసినావా, ఈ లెక్క నీకు రాదు" అన్నారు నవ్వుతూనే.

నేనూ నవ్వాను. "తనకి ఆఫీసులో సెలవు దొరుకుతుందో లేదో అత్తా. నా కార్డు మీద నేనే తీసుకెళ్తాను," అన్నాను. అప్పటికి నాకు కార్డే లేదు.

మర్నాడే బ్యాంకుకి వెళ్ళాను. చేరగానే ఇచ్చే పాయింట్లతోనే విశాఖకి రెండు టిక్కెట్లు వచ్చే కార్డు ఒకటుంది. గుణించి చూసుకునే వెళ్ళాను. అక్కడి ఆఫీసరు కంప్యూటర్ చూసి హిందీలో అన్నాడు, "ఆంటీజీ, మీ పేరున ఎప్పుడూ ఏ అప్పూ లేదు. తీరుస్తారో లేదో మాకెలా తెలుస్తుంది?" పద్దెనిమిదేళ్ళుగా ఒక్క నెల తప్పకుండా చీటీ నడుపుతున్నానని చెప్పాను. "అచ్ఛా," అన్నాడు మర్యాదగానే. "కానీ అది ఇందులో లేదు కదా."

దారి అతనే చెప్పాడు. పాతికవేలు డిపాజిట్ వేస్తే దాని మీద ఇరవైవేల పరిమితితో చిన్న కార్డు ఇస్తారు. ఆరు నెలలు వాడి, సక్రమంగా కడితే నా పేరున చరిత్ర తయారవుతుంది. అప్పుడు పెద్ద కార్డు అడగొచ్చు. ఆ నెల మొదలైన చీటీలో నా వంతు ఎత్తుకుని, అందులోంచి పాతికవేలు వేశాను.

నాకు తెలిసిన పద్ధతిలోనే చరిత్ర రాయడం మొదలుపెట్టాను. మా ఖర్చు ఒక్కటే చాలదు. వరసలో అందరి గ్యాసు బండలు, ఫోను రీఛార్జీలు, పిల్లల ఫీజులు నా కార్డు మీదే కట్టి, వాళ్ళ దగ్గర నగదు తీసుకున్నాను. నెలకి పంతొమ్మిదివేలు. బిల్లు వచ్చిన రోజే మొత్తం కట్టేసేదాన్ని. ఇచ్చినదంతా వాడుకుని పైసాతో సహా తిరిగి ఇచ్చే మనిషి కంటే నమ్మకమైన మనిషి ఎక్కడుంటుంది?

ఆరు బిల్లులు అయ్యాక పెద్ద కార్డుకి పెట్టుకున్నాను. నాలుగో రోజున ఫోనుకి సందేశం వచ్చింది. ఇవ్వలేమట.

ఆ ఆదివారం నా మొహం చూసి, కార్డు సంగతి రాబట్టి, తోడికోడలే అడిగింది. "నెలకి ఎంత వాడినవ్ అక్కా?"

"ఉన్నదంతా."

"అంతానా!" గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "లిమిట్ అంతా వాడితే చేతిల పైసల్లేక వాడుతున్నరు అనుకుంటరు. ఇరవైల నాలుగైదువేలు, గంతే. నేనైతే నా దాంట్ల పదో వంతు కూడా దాటను. నన్నడిగితే చెప్తుండె కదా అక్కా."

ఆమెను అడగకూడదనే కదా నేనంత తిరిగింది.

"ఏటయింది?" అన్నారు అత్తగారు.

"అక్కకి కార్డు రాలేదంట అత్తమ్మా."

"పోనీలేవే. నీది ఉన్నాది కదా," అన్నారు ఆమెతో. నాతో కాదు.

ప్రయాణం ముందురోజు విశాఖ పిన్నత్తగారికి చీర కొనడానికి ముగ్గురం గోల్ బజార్ వెళ్ళాం. ఆకుపచ్చ మీద మెరూన్ అంచు. ఎంచింది నేనే, బేరమాడింది నేనే. డబ్బు కట్టబోతే నల్ల కార్డు పనిచేయలేదు. రెండుసార్లు గీశారు. ఆమె బ్యాంకు సర్వర్ పడిపోయిందట. ఖాతా కూడా అదే బ్యాంకులో ఉండడంతో ఫోనులోంచీ పోలేదు. కొట్టువాడు చీర మడత పెట్టి పక్కన పెట్టబోయాడు. అప్పుడు నా కార్డు తీశాను. ఒక్కసారికే పలికింది. ఆ యంత్రం చేసిన చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది.

"ఇంటికి పోంగనే పంపిస్తా అక్కా," అంది.

పది రోజులకి అత్తగారు తిరిగొచ్చి వరసంతా తిరిగి చెప్పారు. ఎయిర్‌పోర్టులో సోఫాలున్న గదిలో ఇడ్లీలు పెట్టారట, కార్డు చూపిస్తే చాలట. "మా సెల్లికి సిన్నకోడలు పట్టిన సీర సూడాలి, ఎంత బాగున్నాదో!" నేను గుమ్మంలో నిలబడి చిక్కుళ్ళు ఒలుస్తూ విన్నాను. ఆ చీర ఎవరి కార్డుదో ఆవిడ కళ్ళముందే గీశారు. పెద్దావిడ, మరిచిపోయారు. నేను గుర్తుచేయలేదు.

మర్నాడు వెళ్ళి కార్డు మూసేయమన్నాను. "ఉంచుకోండి ఆంటీజీ, తక్కువ వాడుకోండి, ఇంకో ఆరు నెలల్లో వస్తుంది," అన్నాడు ఆఫీసరు. అతను చెప్పింది నిజమే. కానీ పర్సు తెరిచినప్పుడల్లా అది కనబడుతుంటే భరించలేకపోయాను. డిపాజిట్ చేతికొచ్చింది.

చీటీ డబ్బు ఒక్కరోజు ఆలస్యమైతే గుమ్మం ముందు నిలబడేదాన్ని నేను. చీర డబ్బు కోసం ఉస్లాపూర్ గుమ్మానికి మాత్రం వెళ్ళలేదు. అడిగితే "అయ్యో, మర్చిపోయిన అక్కా" అని ఆ నిమిషంలోనే పంపేస్తుంది. ఆమెకి ఆ డబ్బు ఎంత? పంపేస్తే ఇక ఆమె నాకేమీ బాకీ ఉండదు. అప్పుడు నా దగ్గర మిగిలేది ఆ మిక్సీయే. మొన్న ఆదివారం కూడా వచ్చింది, చట్నీ బాగుందని రెండోసారి వేయించుకుంది. వడ్డించాను.

వడ్డీ వేయడం లేదు. చీర ఖరీదు అసలు మాత్రం, ఈ రోజు వరకు, పద్దెనిమిదివందల అరవై రూపాయలు.