హంగేరీ వయొలిన్

నాన్న పోయిన ఏడు మా ఇంట్లో సంగీతం లేదు. ఆయన నూజివీడులో వయొలిన్ మేష్టారు. మా ఇంటి ఆచారం ప్రకారం అమ్మ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క వయొలిన్ తీగలు నాలుగూ పూర్తిగా వదులు చేసి, పెట్టెలో పెట్టి అటకెక్కించింది. సంవత్సరీకం అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. వయొలిన్‌కి కూడా మైలేనా అని నేను గొణిగాను, నాకు నోరెక్కువ. ఆ జూన్‌లో బెజవాడ రేడియో స్టేషన్లో అక్కకి ఆడిషన్. చిన్నప్పటినుంచి నాన్న దగ్గర నేర్చుకున్నదంతా దానికోసమే.

ఆ వేసవిలో ముసునూరు దగ్గర అమ్మ తమ్ముడు కౌలుకు తీసుకున్న మామిడితోటకి వెళ్ళాం. సాయంత్రం పాకలో రసాలు మాగవేస్తుంటే మావయ్య ట్రాన్సిస్టర్ తిప్పుతున్నాడు. గరగరల మధ్య ఎవరో ఇంగ్లీషులో మాట్లాడారు. హంగేరీలో ఒక కొత్త బృందమట, శాస్త్రీయ సంగీతం నేర్చిన కుర్రాళ్ళు దాన్ని రాక్ సంగీతంతో కలుపుతున్నారట. కాలేజీ చదువు వెలగబెడుతున్నదాన్ని కనక నేనే అందరికీ తెలుగులో చెప్పాను.

ముందు డ్రమ్ములు, ఎలక్ట్రిక్ గిటారు మోగాయి.

"ఇదేం గోల అక్కయ్యా, చిలకల్ని తోలడానికి డబ్బాలు కొట్టినట్టు!" అన్నాడు మావయ్య.

అంతలో ఆ గోలలోంచి వయొలిన్ లేచింది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే ముందు నాన్న కమాను ఓ క్షణం ఆగేది. ఇక్కడా ఆగింది. ఇన్నేళ్ళయినా అది తలుచుకుంటే నాకు భయమే. అమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"ఆయనే," అంది.

"అమ్మా, అది హంగేరీ."

"అయితే ఏంటి? ఆయన చెయ్యి నాకు తెలీదా?"

స్టేషన్ జారిపోయింది. మావయ్య ఎంత తిప్పినా మళ్ళీ దొరకలేదు.

ఇంటికి రాగానే అమ్మ తనే పెట్టె దింపించింది. "వాయించవే. ఆయన ఎక్కడెక్కడో తిరుగుతున్నాడు. ఇంటికి పిలువు," అంది అక్కతో. తెరిచి చూస్తే తీగల్ని మోసే బ్రిడ్జి పడిపోయి ఉంది. వయొలిన్ ఎత్తగానే లోపల ఏదో దొర్లింది. తీగల బిగువు మీదే నిలబడే చిన్న కర్రముక్క అది. ఇదివరకు మైల వచ్చినప్పుడు తీగలు వదులు చేసేది నాన్నే. అన్నీ ఒకేసారి వదులు చేయకూడదని ఆయనకి తప్ప మాకెవరికీ తెలియదు. అక్క ఎలాగో బిగించి కమాను వేస్తే గొంతు పూడుకుపోయినట్టు పలికింది. "ఇంక నేను ఆడిషన్‌కి వెళ్ళినట్టే," అని అక్క భోరుమంది. అమ్మ మొహం పాలిపోయింది.

బెజవాడ తీసుకెళ్ళి బాగుచేయించాం. ఏడాది తిరక్కుండా పిల్లని వాయించడానికి పంపిందని బంధువులు అమ్మని నానా మాటలూ అన్నారు. అక్క ఆడిషన్‌లో నెగ్గింది.

రేడియోలో అక్క మొదటి కచేరీ నాడు మావయ్య ట్రాన్సిస్టర్ మా ఇంటికి తెచ్చాడు. అమ్మ దానికి చెవి ఆనించి కూర్చుంది. అక్క ఎంత బాగా వాయించిందో! అయిపోగానే సంతోషం పట్టలేక అమ్మ భుజాలు కుదిపేశాను.

"చివరిదాకా విన్నానే," అంది అమ్మ. "పిల్ల బాగా వాయించింది. ఆయన రాలేదు."

నాన్న పోయాక అమ్మ ఏడవడం నేను చూసింది అప్పుడే.