సజ్జ మీదుగా పోయే రైలు

రెండుసార్లు నాకు కడుపు నిలవలేదు. మూడోసారి నాలుగో నెలలో అనంతపురం డాక్టరమ్మ గర్భసంచి మూతికి కుట్టు వేసి, "ఇక కాన్పు దాకా మంచం దిగొద్దు, బాత్రూముకు తప్ప లేవొద్దు" అని చెప్పింది. పెళ్లికి ముందు నేను రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో పనిచేశాను. ఎంత గట్టి కుట్టయినా బరువు పడితే ఎక్కడ విడుతుందో నాకు తెలుసు. ఆ తెలివే నాకు భయమై కూర్చుంది.

కదిరిలో మాది చిన్న ఇల్లు. గాలి వచ్చేది ముందు గదిలోనే కాబట్టి నా మంచం అక్కడే వేశారు. కాళ్ల వైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. మా ఆయనకు బోరు మోటార్ల వైండింగ్ షాపు ఉంది. వేసవిలో బోర్లలో నీళ్లు దిగిపోయి మోటార్లు వట్టిగా తిరిగి కాలిపోతాయి. మా ఆయనకు ఊపిరి సలపని పని ఉండేది అప్పుడే. పొద్దున పోతే చీకటి పడ్డాకే వచ్చేవాడు. ఇంట్లో నేనూ, మా అత్తా మిగిలేవాళ్లం. ఊరి బయట ఉన్న చేను ఇంకా అత్తే చూసుకునేది. మాట కటువుగా ఉన్నా నా పళ్లెంలో ముద్ద చల్లారనిచ్చేది కాదు.

వెల్లకిలా పడుకుని స్లాబు చూడడం తప్ప నాకు పని లేదు. ఫోను తీస్తే పసిపిల్లల వీడియోలే వచ్చేవి. ముందోసారి కడుపుతో ఉన్నప్పుడు వాటి కోసం వెతికి ఉంటాను, అది మర్చిపోలేదు ఆ ఫోను. దాన్ని దిండు కింద పడేశాను. రానురాను మాట్లాడడం కూడా తగ్గించేశాను. మాట్లాడితే కదులుతానని, కదిలితే ఏమవుతుందోనని. అత్త ఏదైనా అడిగితే కళ్లతోనే జవాబు చెప్పేదాన్ని.

మా ఆయన దగ్గర ఒక రైలు ఉండేది. ఆడుకునే బొమ్మ కాదు, నిజం రైలును అచ్చంగా చిన్నది చేసినట్టుండే ఇంజను, పెట్టెలు, ముక్కలు ముక్కలుగా పట్టాలు. పెళ్లికి ముందు బెంగళూరులో వైండింగ్ పని నేర్చుకునేటప్పుడు, ఆదివారం పూట పాత సామాన్ల సంతలో ఒక్కొక్కటిగా కొన్నాడట. కదిరి మీదుగా పోయే లైను చిన్న గేజిగా ఉన్నప్పుడు వాళ్ల నాయన చెయ్యి పట్టుకుని ఆ రైలెక్కిన సంగతి ఎప్పుడు చెప్పినా వాడి గొంతు మారిపోయేది. వాడు అంటున్నాను గానీ, ఈ సంగతి చెప్పేటప్పుడు ఆయన నాకెప్పుడూ చిన్నపిల్లవాడిలాగే కనిపిస్తాడు. ఆ రైలును పరిచేంత జాగా మా ఇంట్లో నేల మీద లేదు. ఎప్పుడైనా పరిచినా అత్త చీపురు పట్టుకుని వచ్చేది. అందుకని అది చిన్న గదిలో అట్టపెట్టెలోనే ఉండిపోయింది.

ఒక ఆదివారం ఆయన ఇనుప బ్రాకెట్లు, ప్లైవుడ్ పలకలు, అద్దెకు తెచ్చిన డ్రిల్లు మిషను గదిలో దించాడు.

"ఏందిరా ఇది?" అంది అత్త.

"గోడకు పలకలు కొడతానమ్మా. స్లాబుకు కొంచెం కిందగా, గది సుట్టూరా. దానిమీద రైలు తిరుగుతాది. పండుకున్నోళ్లకు సూసేదానికి ఏమన్నా ఉండల్ల గదా."

"కడుపుతో ఉన్న మనిషి నెత్తిన కొయ్యలు యాలాడగడతావా? నీకేమన్నా మతి పోయిందా? అది ఊడి మీద పడితే?"

ఆయన మంచాన్ని, నాతో సహా, గది మధ్యకు లాగాడు. గోడకు తూట్లు వేసి, ప్లగ్గులు దిగ్గొట్టి, మొదటి బ్రాకెట్ బిగించాడు. స్టూలు మీద నిలబడి రెండు చేతులతో దాన్ని పట్టుకుని, కాళ్లతో స్టూలును పక్కకు తన్నేశాడు. గాలిలో వేలాడుతూ, "సూడుమా, ఊడిందా?" అన్నాడు.

అత్త పరిగెత్తి ఆయన కాళ్లు పట్టుకుని, "దిగురా నా కొడకా, దిగు! ఊడల్యా, ఊడల్యా!" అని అరిచింది. ఆ తర్వాత ఆమె మళ్లీ అడ్డు చెప్పలేదు. కానీ ప్రతి బ్రాకెట్‌కూ అదే పరీక్ష పెట్టమంది. ఆయన పెట్టాడు.

పలకలు సమంగా ఉండాలని తాపీమేస్త్రి దగ్గర నీళ్ల ట్యూబు అడిగి తెచ్చాడు. ఒక కొస ఆయన పట్టుకుంటే రెండో కొస అత్త పట్టుకునేది. రెండు వైపులా నీళ్లు ఒకే మట్టానికి వచ్చిన చోట గోడ మీద గీత గీసేవాడు. తల్లీ కొడుకూ ఊపిరి బిగబట్టి ఆ నీళ్లనే చూస్తూ నిలబడేవాళ్లు. నేను వాళ్లను చూస్తూ పడుకునేదాన్ని. డ్రిల్లు మోతకు మొదట నాకు చిరాకేసింది. దుమ్ము పడకుండా నా మంచం మీద చీర కప్పితే శవాన్ని కప్పినట్టుందని ఏడుపొచ్చింది. ఆ మాట ఆయనకు చెప్పలేదు. కానీ మరుసటి ఆదివారం చీరకు బదులు దోమతెర తెచ్చి కట్టాడు.

మూడు గోడలు అయ్యాయి. నాలుగో గోడకు సామాన్లు పెట్టుకునే కాంక్రీటు సజ్జ ఉంది. దానిమీద అత్త ఇత్తడి బిందెలు, విత్తనానికి దాచిన వేరుశెనక్కాయల మూటలు ఉన్నాయి. పట్టాలు సజ్జ మీదుగా పోతేనే రైలు గది చుట్టూ తిరుగుతుంది.

"మూటలు దించుదామా," అన్నాడు ఆయన.

"యాడ దించుతావు? నేల మీద పెడితే చెమ్మ పడతాది, ఎలుకలు కొడతాయి. వాన పడినంక చేనికి పోవల్సిన మూటలు అవి. అంతవరకు ముట్టుకునేది ల్యా."

ఈసారి వేలాడినా లాభం లేదని ఆయనకు అర్థమైంది. పట్టాలను సజ్జ ఇవతల వరకే పరిచి ఆపాడు. మూడు గోడల మీద రైలు ముందుకు పోయి, వెనక్కి వచ్చేలా కరెంటు పెట్టెకు స్విచ్చి పెట్టాడు.

మొదటిసారి నడిపే రోజు అత్త స్టూలెక్కి ఇంజనుకు కుంకుమ బొట్టు పెట్టింది. ఆయన స్విచ్చి నొక్కాడు. పైన కరకరమని చప్పుడైంది. మూల దాకా పోయింది, ఆగింది, వెనక్కి వచ్చింది. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"ఎట్లుండాది?" అన్నాడు.

నాకు కనిపించింది పలక అడుగు భాగం. చప్పుడు తప్ప రైలు ఛాయ కూడా లేదు.

"ఏమయ్యా," అన్నాను, "నాకు పలక కనపడతాండాది. రైలు యాడుండాది?"

ఆయన నా వైపు చూశాడు. పైకి చూశాడు. వచ్చి నా పక్కన మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. కాసేపు ఇద్దరం పలకను చూశాం. అన్ని ఆదివారాల కష్టం. నాకు నవ్వొచ్చింది. ఆపుకోబోయాను, ఆగలేదు. కడుపు కదులుతుందని రెండు చేతులతో పట్టుకుని నవ్వాను. అత్త వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది, నొప్పులొచ్చాయేమోనని. నేను నవ్వుతున్నానని తెలిసి గడప మీద కూలబడింది. "నవ్వుతాండాదిరా," అంది కొడుకుతో, అదేదో ఆయనకు కనపడనట్టు. కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఆ రోజు నుంచి నాకు మాట తిరిగి వచ్చింది. పలకలన్నీ ఊడబీకి ఏం చేయాలో మంచం మీద నుంచే చెప్పాను. వెడల్పు పలక వద్దు, రెండు సన్నటి కొయ్య రీపర్లు చాలు, మధ్యలో సందు వదిలి నిచ్చెనలా అడ్డకొయ్యలు కొట్టు, సందులోంచి చక్రాలు కనపడతాయి అన్నాను. రైలు జారితే ఆగేలా అంచుకు పట్టీ కావాలని అత్త అడిగింది. చూపుకు అడ్డం రాకుండా పారదర్శకంగా ఉండే పట్టీ సంపాదించాడు ఆయన. ఎక్కడ రీపరు కుంగిందో, ఎక్కడ అతుకు ఎత్తుగా ఉందో కింద నుంచి నాకు బాగా కనిపించేది.

"ఆ కిటికీ మీద కుట్టు వంకర పోయినట్టుండాది," అనేదాన్ని.

"కుట్టు కాదే, పట్టా."

"ఏదైతే ఏమి, వంకర పోయిందా ల్యాదా?"

ఆయన స్టూలెక్కి చూసి, స్క్రూ తిప్పేవాడు.

రెండోసారి నడిపినప్పుడు రైలు కనిపించింది. నేననుకున్నట్టు కాదు. రైలును అలా అడుగు నుంచి మామూలుగా ఎవరూ చూడరు. చక్రాలు, వాటి మధ్య ఇరుసులు, అడ్డకొయ్యల సందుల్లోంచి మెరిసి మాయమవుతూ నా మీదుగా సాగిపోయాయి. నేను రైలు కింద పడుకున్నట్టుంది, కానీ భయం లేదు. "మళ్లీ," అన్నాను. ఆయన షాపుకు పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి నడిపేవాడు. పగలు అత్త నడిపేది. మొదట్లో స్విచ్చిని కర్ర కొసతో నొక్కేది, షాకు కొడుతుందని. తర్వాత ఇరుగుపొరుగు ఆడవాళ్లు నన్ను చూడ్డానికి వస్తే నా ఆరోగ్యం సంగతి వాళ్లు అడిగే లోపే రైలు నడిపి చూపించేది. ఈసారైనా నిలుస్తుందా అనే ప్రశ్న వాళ్ల నోటి దాకా వచ్చి, తలలు పైకెత్తడంలో పోయేది. అత్త కావాలనే అలా చేసేదని నాకు తెలియడానికి కొన్నాళ్లు పట్టింది.

ఆ ఏడు వాన ఆలస్యమైంది. మబ్బులు వచ్చేవి, గాలి వాటిని తరిమేసేది. అత్త పొద్దున్నే గడపలో నిలబడి ఆకాశం చూసేది, లోపలికొచ్చి సజ్జ చూసేది. రైలు సజ్జ దాకా పోయి వెనక్కి వస్తూనే ఉంది. నాకు ఏడో నెల వచ్చింది.

ఒక సాయంత్రం వాన మొదలై తెల్లారేదాకా కురిసింది. పొద్దున అత్త మూటలు దించింది. నా మంచం చుట్టూ చాప పరిచి, నలుగురు ఆడవాళ్లను పిలిచి, విత్తనానికి కాయలు ఒలిపించింది. నాకూ ఒక చాటెడు ఇచ్చారు, పక్కకు తిరిగి పడుకుని ఒలవమని. గదంతా పచ్చి మట్టి వాసన, పొట్టు. ఎన్నో నెలల తర్వాత నా చేతులు ఒక పని చేశాయి. ఒలుస్తూ వాళ్లు చెప్పుకున్న మాటలు ఇప్పుడు ఒక్కటీ గుర్తులేవు, కానీ ఆ పొద్దు నా బతుకులో మంచి పొద్దుల్లో ఒకటి.

వాళ్లు చేనికి పోయాక ఆయన మూటలు దిగిన సజ్జ ఊడ్చి పట్టాలు కలిపాడు. సజ్జ కింద కాంక్రీటు కాబట్టి అక్కడ రైలు నాకు కనపడదు. లోపలికి పోతుంది, అత్త ఇత్తడి బిందెల మధ్య నుంచి చప్పుడు మాత్రం వస్తుంది, అవతలి మూల నుంచి ఇంజను బయటపడుతుంది. అది బయటికొచ్చేదాకా ప్రతిసారీ నేను ఊపిరి బిగబట్టేదాన్ని. ప్రతిసారీ వచ్చేది.

ఎనిమిదో నెల నిండకముందే నొప్పులొచ్చాయి. ఆయన షాపులో ఉన్నాడు. అత్త చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తి ఆటో పట్టుకొచ్చింది. కదిరి ఆసుపత్రిలో చూసి అంబులెన్సులో అనంతపురం పంపారు. దారంతా అత్త నా కడుపు మీద చెయ్యి పెట్టుకుని, "ఉండు తల్లీ, తొందరపడద్దు, ఉండు," అని లోపలి బిడ్డతో మాట్లాడుతూనే ఉంది. ఆడపిల్ల పుట్టింది. నా అరచేతిలో ఇమిడేలా ఉంది. వెచ్చగా ఉంచే పెట్టెలో పెట్టారు. అద్దం ఇవతల నా పక్కన నిలబడి ఆయన దాన్నే చూశాడు. "ఏడుస్తాండాది సూడు," అన్నాడు. "ఏడిస్తే మంచిదేనంట. నర్సమ్మ చెప్పింది."

బిడ్డ బరువు పెరిగి ఇంటికొచ్చింది. ఆయన ఎంతో ఆశగా దాన్ని నా పక్కన వెల్లకిలా పడుకోబెట్టి రైలు నడిపాడు. అది ఒక్కసారి కూడా పైకి చూడలేదు. పక్కకు తిరిగి కిటికీ వెలుతురు చూసింది, ఆవలించింది, నిద్రపోయింది. "నీ మాదిరే. మొండిది," అన్నాడు నాతో. ఇప్పుడు పాప నడుస్తోంది. రైలు కంటే కరెంటు పెట్టె మీదే దానికి మోజు.

మొన్న మా వెనక వీధి నుంచి ఒకామె వచ్చింది. దూది పరుపులు కుట్టే ముసలాయన కోడలు. ఆయన మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడకుండా, అన్నం ముద్ద పక్కకు నెట్టేస్తున్నాడట. "మీ ఇంట్లో రైలు సంగతి మా వీధిలో అందరికీ తెలుసు అక్కా. మా మామకు కూడా అట్ల ఏమన్నా సేసిస్తారా?" అని అడిగింది.

మా ఆయన టేపు పట్టుకుని బయల్దేరాడు. నేనూ వెంట పోయాను. వాళ్లది బండల మిద్దె. గోడలు రాతివి, డ్రిల్లు ఎక్కడ దిగుతుందో చూడాలి. ఆయన కొలతలు తీస్తుంటే నేను ముసలాయనతో, "తాతా, ఒక్క నిమిషం జరుగుతావా?" అన్నాను. కోడలు కంగారు పడింది. ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, నొప్పికి పళ్లు బిగించి, నిదానంగా గోడ వైపుకు జరిగాడు. నేను చెప్పులు విప్పి ఆయన పక్కన ఖాళీ అయిన అంచున వెల్లకిలా పడుకున్నాను. దూలాలు, వాటి మీద నల్లగా బండలు. చాలా ఎత్తుగా ఉన్నాయి.

"ఏమ్మా," అన్నాడు ముసలాయన, ఎన్నాళ్లకో నోరు తెరిచి. "ఏం కనపడతాండాది?"

"ఆ ఎత్తులో పెడితే ఏమీ కనపడదు తాతా. ఇంకా శానా కిందికి దించల్ల."

"అయితే దించమను," అన్నాడు.