వియోరికా టీచర్ తొడుక్కుని వెళ్ళిన రవిక

వియోరికా టీచర్ ఇక లేరన్న వార్త నాకు సోమవారం పొద్దున వాట్సాప్ గ్రూపులో తెలిసింది. వరసగా పడుతున్న దండం బొమ్మలు ఎవరికోసమో అర్థంకాక పైకి వెతుక్కుంటూ వెళితే అసలు కబురు కనిపించింది. పదకొండేళ్ళు ఆవిడ దగ్గర సూది పట్టినదాన్ని. నాకొక ఫోన్ చెయ్యాలని ఎవరికీ తోచలేదు. చేతిలో కూరగాయల సంచీతో గరాజ్‌లో అలాగే నిలబడిపోయాను.

మేముంటున్న పిస్కాటవేలో మన తెలుగువాళ్ళకి ఆవిడ కొత్తేమీ కాదు. లైబ్రరీలో మంగళవారాలు కుట్టుపని నేర్పే రొమేనియా ఆవిడ అంటే చాలామంది గుర్తుపడతారు. "ఆ కోపిష్టి ముసలావిడా?" అని కూడా అంటారు. అన్నవాళ్ళెవరో నాకు గుర్తుంది. ఆవిడ విలువ తెలియక అన్నారు కాబట్టి, వాళ్ళు కూడా చదువుతారనే ఇది రాస్తున్నాను.

మొదటిరోజు నేను మాల్‌లో కొన్న పూల చొక్కా వేసుకుని వెళ్ళాను. "రొమేనియన్ స్టైల్" అని దానికి చీటీ ఉండేది. ఆవిడ సంతోషిస్తారనుకున్నాను. నా చొక్కా చేతి అంచు రెండు వేళ్ళతో పట్టుకుని, "ఇది రవిక కాదు, రవిక ఫోటో" అన్నారు. క్లాసంతా నవ్వింది. మూడు వారాలు వెళ్ళలేదు. నాలుగో వారం వెళితే ఏమీ జరగనట్టు, "సుశీలా, కుర్చీ లాక్కో" అన్నారు.

ఆ రోజే నాకొక పాత రవిక చూపించారు. వాళ్ళ భాషలో ‘ఇయె’ అంటారు. తెల్లటి నారబట్ట, మెడచుట్టూ కుచ్చు. కళంతా రవిక చేతుల్లోనే ఉంటుంది. భుజం మీద అడ్డంగా చిక్కటి కుట్టు, దాని కింద ఒకే రంగులో, చాలావరకు ఎండుగడ్డి పసుపులో, ఒక పట్టీ, అక్కడినుంచి మణికట్టు దాకా ఏటవాలుగా దిగే వరసలు. ఆ వరసల్ని నదులంటారు. బట్ట మీద గీతలేవీ గీసుకోరు, పోగులు లెక్కపెట్టుకుంటూ కుడతారు. భుజం చూస్తే మనిషిది ఏ ఊరో తెలిసిపోయేదట. మా అమ్మ చీర అంచు చూసి ఏ ఊరి నేతో చెప్పేదని నేనంటే, టీచర్ మొదటిసారి నావైపు చూసి తల ఊపారు. పడుచుపిల్లలకి ఎరుపు, వయసు పెరిగేకొద్దీ ముదురు రంగులు, భర్త పోయినవాళ్ళకి నలుపు. "ఒక ఆడది ఎంత బతుకు బతికిందో ఆమె చెయ్యి చెప్పాలి" అనేవారు.

ఆ రవిక చేతులు వాళ్ళ అమ్మమ్మ కుట్టినవి. మిగతా బట్ట చిరిగిపోతే చేతులు మాత్రం విప్పదీసి, సరిహద్దులో లాక్కుంటారన్న భయంతో కోటు అస్తరులో పెట్టి కుట్టుకుని ఈ దేశం వచ్చారు. ఇక్కడ కొత్త నారబట్ట కొని వాటికి అతికారు.

ఒక ఏడాది మనవాళ్ళ ఉత్సవంలో ఆ రవిక చూపించడానికి ఆవిడకి ఒక బల్ల ఇప్పించాను. మేం వెళ్ళేసరికి దాని మీద "బొహీమియన్ టాప్స్" అని కార్డు పెట్టి ఉంది. "ఆంటీ, ఇందులో మీడియం ఉందా?" అని ఎవరో అడిగారు కూడా. నేను నిర్వాహకుడితో పోట్లాటకి దిగాను. "చిన్న విషయం మేడమ్, లైట్ తీసుకోండి" అన్నాడు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు, అంతే. టీచర్ మాత్రం పెన్ను తీసి కార్డు మీది మాటలు కొట్టేసి, "మా అమ్మమ్మ" అని రాశారు. ఆ తరవాత సైజు అడిగినవాళ్ళు లేరు.

ఇక మా తగవు. ఆ పసుపు పట్టీని బట్ట వెనకవైపు నుంచి కుట్టాలి. కుడుతున్నంతసేపూ ముందువైపు కనిపించదు, పోగుల లెక్కే ఆధారం. నేను రెండు నెలలు కష్టపడి ముందునుంచే కుట్టి పట్టుకెళ్ళాను. టీచర్ తిరగేసి చూసి, కత్తెర తీసి, అందరి ఎదుటా దారాలు తెంపేశారు.

"చూడ్డానికి బాగానే ఉంది కదా టీచర్!"

"చూసుకుంటూ కుట్టావు. లెక్క నీ చేతికి రాలేదు. మళ్ళీ మొదలుపెట్టు."

సంచీ తీసుకుని వచ్చేశాను. ఎనిమిది నెలలు ఆ ఛాయలకి వెళ్ళలేదు.

మధ్యలో పద్మజ వచ్చింది. క్లాసులో నా పక్కన కూర్చునే వరంగల్ అమ్మాయి. "అక్కా, టీచర్‌కి కండ్లు సరిగ్గ కనిపిస్తలేవు. తను పోయినప్పుడు వెయ్యాలని ఒక రవిక కుట్టుకుంటున్నది కదా, దానికి కుడిచెయ్యి పట్టీ మిగిలింది. నేను కుడతానన్న. ‘నువ్వొద్దు, సుశీలని పిలువు’ అన్నది."

చివరి ప్రయాణపు బట్టలు బతికుండగానే సిద్ధం చేసుకోవడం వాళ్ళ ఊరి ఆచారం. నాకు తెలుసు. తెలిసే అన్నాను, "ఆవిడకి నోరు లేదా? ఫోన్ చెయ్యమను."

"ఇద్దరికిద్దరు సరిపోయిన్రు!" అని పద్మజ వెళ్ళిపోయింది.

"ఇంకెన్నాళ్ళే ఈ పంతం? పద, నేను డ్రైవ్ చేస్తా" అన్నారు మావారు. ఫోన్ వస్తే వెళదామనుకున్నాను. రాలేదు. సోమవారం ఆ కబురే వచ్చింది.

ఆ సాయంత్రమే టీచర్ ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మాయి డానా ఒక నీలం గౌను తీసి మంచం మీద పెట్టింది. "ఆంటీ, ఆ బ్లౌజ్ ఫినిష్ కాలేదు. ఒక చెయ్యి లేకుండా ఎలా వేస్తాం?" అంది. నిజమే. భుజం ముక్కనీ కింది చెయ్యినీ కలిపేది ఆ పట్టీయే. నల్లటి నదులన్నీ కుట్టేసి ఉన్నాయి, చేతిని కలిపే జానెడు పసుపు లేదు.

"ఎప్పుడు తీసుకెళతారు?"

"గురువారం మార్నింగ్."

"బుధవారం సాయంత్రానికి తెస్తాను."

"మీరు అమ్మతో మాట్లాడటం లేదు కదా?"

"అది మా ఇద్దరి సంగతి."

డానా కుట్టుపెట్టె తెచ్చి ఇచ్చింది. అందులో నా పేరు రాసిన కవరు ఉంది. ఉత్తరమేమో అనుకున్నాను. పసుపు దారం. సమానంగా కోసి, పాయలుగా చుట్టి ఉంది. ఎన్నాళ్ళు నాకోసం పెట్టి ఉంచారో!

రెండు పగళ్ళు వంటింటి కిటికీ దగ్గర కూర్చున్నాను. పద్మజ ఆఫీస్‌కి సెలవు పెట్టి వచ్చి పక్కన పోగులు లెక్కపెట్టింది. వెనకవైపు నుంచే కుట్టాను. ఒక్కసారి కూడా తిరగేసి చూడలేదు. చెయ్యి అతికేటప్పుడు కూడా రవిక లోపలివైపు పైకే ఉంది, అలాగే మడిచి డానాకి ఇచ్చాను.

గురువారం శవపేటికలో, టీచర్ చేతి మీద, నేను కుట్టిన పట్టీ ముందువైపు మొదటిసారి చూశాను. లెక్క తప్పలేదు. కానీ రెండుచోట్ల దారం బిగిసి బట్ట ముడతపడింది. ఎవరికీ తెలియదు. ఆవిడకైతే గుమ్మంలోంచే తెలిసేది. నా పనిని అంత శ్రద్ధగా చూసిన మనిషి నా జీవితంలో ఇంకొకరు లేరు. ఆ శ్రద్ధని ఎనిమిది నెలలు అవమానమని పిలిచాను.

ఫాదర్ ప్రార్థన అయ్యాక అందరూ ఒక్కొక్కరే బయటికి నడిచారు. పద్మజ "అక్కా, ఇంక పోదాం" అని చెయ్యి పట్టుకుంది. టీచర్ ఆ కుట్టు విప్పమంటారేమోనని, మూత వేసేదాకా అక్కడే నిలబడ్డాను.