బాబాయి రెండు చెంపలు

బాబాయికి మొహం ఒక్కటే గానీ, ఏడాదిన్నరగా ఆయన దాన్ని రెండుగా వాడుకుంటున్నాడు. ఎడమ చెంపకు ఒక కంపెనీ విటమిన్ సి సీరం, కుడి చెంపకు ఇంకో కంపెనీది. సరిహద్దు ముక్కు. అరవై మూడేళ్ల మనిషి, పెళ్లీ పెటాకులూ లేని మనిషి, పొద్దున్నే అద్దం ముందు నిలబడి చెంపకు మూడు చుక్కల చొప్పున లెక్కపెట్టి రాసుకుంటాడు. ఇక ఆ రోజంతా కనిపించినవాళ్లందరికీ ఒకటే ప్రశ్న.

“ఎడమా, కుడా?”

ఈ ప్రశ్నకు అందరికంటే ఎక్కువగా బలైంది ఆయన అన్న కూతురు బుజ్జి. ముప్పై నాలుగేళ్లొచ్చినా ఇంట్లో ఆమె బుజ్జే. మందుల షాపులో, వెనక గదిలో ఉద్యోగం. అట్టపెట్టెలు విప్పడం, గడువు తేదీలు చూడడం, సరుకు అరల్లోకి ఎక్కించడం. పది గంటలు నిలబడే చేయాలి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి పాదాలు తనవి కానట్టు ఉంటాయి. చెప్పులు విప్పకముందే గుమ్మంలో ఒక చెంప ఎదురవుతుంది, వెంటనే రెండోది.

“ఎడమా, కుడా?”

“రెండూ బావున్నాయి బాబాయ్.”

“రెండూ అంటే అది రిపోర్టు కాదమ్మా.”

“అయితే కుడి.”

“నిన్న ఎడమ అన్నావే?”

“నిన్న నాకు కాస్త ఓపికుంది బాబాయ్.”

తప్పు ఆయనది కూడా కాదు, రంగుల ఫ్యాక్టరీది. అక్కడి తనిఖీ విభాగంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. చెక్క పలక తీసుకుని, సగానికి ఒక డబ్బాలోని రంగు, మిగతా సగానికి ఇంకో డబ్బాలోని రంగు పూసి, మేడ మీద ఎండకు పెట్టేవాడు. ఏది వెలిసింది, ఏది పచ్చబడింది, ఏది పెచ్చులూడింది అని మూడు వారాల తర్వాత రిపోర్టు రాసేవాడు. రిటైరయ్యాక పలకలు ఫ్యాక్టరీలోనే ఉండిపోయాయి, అలవాటు మాత్రం వెంట వచ్చేసింది. ఇంటికొచ్చి చూసుకుంటే ఆయన దగ్గర మిగిలిన పలక మొహమే.

అలాగని అందరిలా సీసా కొని రాసేసుకునే రకం కాదు. ముందు లేబుల్ చదవాలి. భూతద్దం పెట్టి, వేలితో ఒక్కో పదార్థం మీద ఆగుతూ, పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు చదువుతాడు.

“చూశావా వదినా! ఎక్కువున్నది ముందు రాస్తారు, తక్కువున్నది వెనక. ఇందులో సెంటు తర్వాత వచ్చింది విటమిను. అంటే ఇది సెంటు సీసా. విటమిను దీనికి చుట్టపుచూపుగా వచ్చింది.”

“మరిదిగారూ, ఆ చుట్టాలందరినీ తెచ్చి నా ఫ్రిజ్‌లోనే ఎందుకు దింపుతారు?” అని బుజ్జి వాళ్లమ్మ వాపోయేది. ఆమె బాధ ఆమెది. గుడ్లు పెట్టే చోట సీసాలు. ప్రతి సీసాకూ నంబరు, తెరిచిన తేదీ, ‘కదిలించరాదు’ అన్న చీటీ. గుడ్లు వెళ్లి ఉల్లిపాయల బుట్టలో తలదాచుకున్నాయి. పద్దెనిమిదో నంబరు సీసా అయితే మరీను, సీలు కూడా విప్పకుండా రెండు నెలలుగా సరిగ్గా పాల ప్యాకెట్టుకు అడ్డంగా కూర్చుంది. బుజ్జి పొద్దున్నే టీ కోసం దాన్ని పక్కకు నెడుతుంది. సాయంత్రానికి అది మళ్లీ పాల ముందుకు వచ్చి నిలబడుతుంది. ఆమె విసుక్కుని మళ్లీ నెడుతుంది.

ఇంట్లో ఆగితే సరిపోయేది. ఆయన షాపుకు కూడా వచ్చేవాడు. అరలోంచి సీరం సీసా తీసి, వెనక తెల్లకాగితం పెట్టి, వెలుతురుకు ఎత్తి చూసేవాడు. పక్కన ఎవరో ఒకావిడ అదే సీసా కొనబోతూ ఉండేది.

“తల్లీ, ఒక్క నిమిషం. నీళ్లలా ఉండాల్సింది టీ డికాషన్‌లా అయింది చూడండి. గాలి తగిలితే ఈ విటమిను చచ్చిపోతుంది. చచ్చినదాన్ని మొహానికి రాసుకుంటామా?”

ఆవిడ సీసా అక్కడే పెట్టి వెళ్లిపోయేది. షాపు ఓనరు నెమ్మదస్తుడే గానీ, ఆయనకూ కడుపు మండుతుంది. వెనక గదిలోకి వచ్చి, బుజ్జి విప్పుతున్న అట్టపెట్టెతో మాట్లాడుతున్నట్టు, “ఈ నెలలో ఇది ఆరో సీసా” అనేవాడు. బుజ్జి తల వంచుకుని ఇంకో పెట్టె విప్పేది. ఇంట్లో ఆ చెంపలే, షాపులో ఆ చెంపలే.

అలాంటి రోజుల్లో షాపులో ముందువైపు చర్మసౌందర్యం సరుకుల కోసం కొత్తగా గాజు కౌంటరు పెట్టారు. దాని వెనక ఒక కుర్చీ. ఎత్తైన కుర్చీ, వీపుకు ఆనుడు, కాళ్లకు అడ్డకమ్మీ. బుజ్జికి జీతం పెరుగుతుందా, పేరొస్తుందా అన్నది పట్టలేదు. ఆ అడ్డకమ్మీ మీద పాదాలు పెట్టుకున్నట్టు పగలే కలలొచ్చాయి. ఎనిమిదేళ్లుగా ఉన్నది తనే కాబట్టి ధైర్యం చేసి ఓనరును అడిగింది.

ఓనరు మెడ గోక్కున్నాడు. “నువ్వు కష్టపడతావమ్మా, కాదనను. కానీ అక్కడ కూర్చునేవాళ్ల మొహమే కదా ముందు కనిపించేది... గురువారం సీరం కంపెనీ ఆవిడ వస్తుంది. ఆవిడ చూసి సరేనంటే నాకేం అభ్యంతరం లేదు.”

ఆయన నోటితో అనని మాట మంగు. బుజ్జికి రెండు చెంపల మీదా మూడేళ్లుగా మంగు మచ్చలున్నాయి. వాటి గురించి పక్కింటావిడ మాట్లాడింది, బస్సు కండక్టరు మాట్లాడాడు, దారి అడగడానికి ఆగినవాళ్లు కూడా దారి సంగతి వదిలేసి మాట్లాడారు. రెండేళ్ల కిందట పక్కింటావిడ ఇచ్చిన క్రీమేదో రాస్తే నాలుగు రోజులు మొహం నిప్పులా మండి పొట్టు లేచింది. అప్పట్నుంచీ ఆమె మొహానికి సబ్బూ నీళ్లూ తప్ప ఏదీ తగలనివ్వలేదు. ఆ మచ్చల మాట ఎత్తనిది లోకంలో బాబాయి ఒక్కడే. ఆయనకు తన చెంపలు తప్ప ఇంకొకళ్ల చెంపలు కనిపించవు కాబట్టి అని బుజ్జి అనుకునేది. ఒక రకంగా అదే హాయి కూడా.

బుధవారం సాయంత్రం ఆమె బాబాయి ముందు కూలబడింది.

“బాబాయ్, రేపు ఒక్కరోజు షాపుకి రాకు. నీకు దండం పెడతా.”

“ఎందుకమ్మా?”

“నువ్వొచ్చి ఆ సీసా చచ్చిపోయింది, ఈ సీసా చచ్చిపోయింది అంటే నా కుర్చీ పోతుంది.”

బాబాయి ఎడమ చెంప నెమ్మదిగా రుద్దుకున్నాడు. అది కొద్దిగా ఎర్రగా ఉంది. “సరే, రాను” అన్నాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే నమ్మకూడదని బుజ్జికి తెలుసు. అయినా నమ్మింది, అనుమానించే ఓపిక లేక.

గురువారం పదకొండు గంటలకు కంపెనీ ఆవిడ వచ్చింది. గోడ మీద మూడు వారాలుగా వేలాడుతున్న వాళ్ల పోస్టరు కిందే నిలబడింది. జనం మూగారు. ఆవిడ బుజ్జిని కింద నుంచి పైదాకా చూసి, చెంపల దగ్గర ఆగిపోయింది.

“భలే దొరికావు! ఇలాంటి మొహమే కావాలి. ఇక్కడ కూర్చో. అందరి ముందూ మా సీరం నీకే రాస్తాను.”

కుర్చీలో మొదటిసారి కూర్చున్న బుజ్జికి అప్పుడు పోస్టరు సరిగ్గా కనిపించింది. ‘మీ కళ్లముందే, షాపు సిబ్బంది మొహం మీదే!’ అని ఉంది. రోజూ దాని కింద నుంచే నడిచినా చదవలేదు. నాలుగు రోజుల మంట గుర్తొచ్చింది. వద్దంటే కుర్చీ పోతుంది, సరేనంటే మొహం పోతుంది. కళ్లు మూసుకుంది.

“ఆగండమ్మా! దానికి రాయకండి!”

కళ్లు తెరవకుండానే ఆ గొంతెవరిదో తెలిసింది. “రానన్నావుగా బాబాయ్!” అంది నీరసంగా.

“రాకూడదనే కూర్చున్నా. కూర్చోలేకపోయాను.” చేతిలో భూతద్దం, చంకలో నోటుపుస్తకం. కంపెనీ ఆవిడకూ బుజ్జికీ మధ్య దూరి నిలబడ్డాడు. “ఇది నా దగ్గర పంతొమ్మిదో నంబరు. మీ పోస్టరు తగిలించిన రోజే కొని మూడు వారాలు రాశాను. మొదటి మూడు రోజులు మండింది. నా తోలుకే మండిందంటే ఇలాంటి సున్నితమైన చర్మానికి పనికిరాదు.”

“పెద్దాయనా, మీకు వీటి గురించి ఏం తెలుసు?”

“నాకు తెలిసింది ఒకటే. నా ఒక చెంపకు మీది, ఇంకో చెంపకు వేరే కంపెనీది. ఎడమా, కుడా? మీదేదో మీరే చెప్పండి.”

ఆవిడ తప్పించుకోలేకపోయింది. అటూ ఇటూ చూసి, కుడి చెంప మీద వేలు పెట్టి జనం వైపు తిరిగింది. “చూశారా, ఈ మెరుపు! దాచినా దాగదు, ఇదీ మా సీరం!”

“అది పద్దెనిమిదో నంబరమ్మా. మీ దాంట్లో పావు ధర” అన్నాడు బాబాయి చాలా మర్యాదగా.

జనం గొల్లుమన్నారు. ఓనరు తల పట్టుకున్నాడు. బుజ్జి కుర్చీలోంచి దిగి పక్కన నిలబడింది. ఎలాగూ పోయిన కుర్చీయే కదా.

నవ్వులు ఆగాక ఒకావిడ ముందుకొచ్చింది. “ఇంతకీ మండకుండా ఉండేదేదమ్మా?” అని బుజ్జినే అడిగింది.

బుజ్జి తలెత్తకుండా, విసుగ్గా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది. “త్వరగా మండే మొహమైతే ఆస్కార్బిల్ గ్లూకోసైడ్ అని రాసున్నది తీసుకోండి. అదీ విటమిన్ సీయే, నెమ్మదిగా పనిచేస్తుంది గానీ గొడవ పెట్టదు. ఒట్టి ఆస్కార్బిక్ యాసిడే కావాలంటే పది శాతంతో మొదలుపెట్టండి, ఇరవై జోలికి పోకండి. పక్కన ఫెరూలిక్ యాసిడ్, విటమిన్ ఇ ఉంటే తొందరగా పాడవదు. ముదురు రంగు సీసా చూసుకోండి. రంగు మారితే పారేయండి. ముందు చెవి వెనక రెండు మూడు రోజులు రాసి చూడండి. ఏది రాసినా, ఎండలోకి వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్ రాసుకోకపోతే దండగ.”

ఏడాదిన్నర పాటు బాబాయి గుమ్మంలో నిలబెట్టి చెప్పినదంతా వినకుండానే వింది మరి. ఇంకొకావిడ ఇంకో సీసా చూపించి అడిగింది. ఆమె వెనక మరొకావిడ. కంపెనీ ఆవిడ పోస్టరు చుట్టుకుని వెళ్లిపోయిన సంగతి కూడా బుజ్జి గమనించలేదు.

చివరికి ఓనరు వచ్చాడు. “కుర్చీ ఖాళీగా పెట్టుకుని నిలబడి చెబుతావేమమ్మా? కూర్చో.” ఆమె కూర్చున్నాక గొంతు తగ్గించి, “మీ బాబాయి మాత్రం వారానికి ఒక్కసారే రావాలి” అన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బాబాయి మేడ మీద ఉన్నాడు. మాట తప్పాడుగా, గుమ్మంలోకి రావడానికి మొహం చెల్లలేదు. కౌంటరులో పనికొస్తుందని సీసాల పేర్లు రాసుకుందామని బుజ్జి ఆయన నోటుపుస్తకం తెరిచింది. మొదటి పేజీలో ఫ్యాక్టరీ పద్ధతిలోనే ఉంది.

‘పలక: నా మొహం. ఎవరి కోసం: బుజ్జి కోసం. కారణం: పోయినసారి దానికి నాలుగు రోజులు మండింది. ఈసారి మండితే ముందు నాకు మండాలి. జాగ్రత్త: మచ్చల మాట దాని దగ్గర ఎత్తకూడదు. ఎత్తడానికి ఊరంతా ఉంది.’

ఆమె పేజీలు తిప్పింది. ఏడో నంబరు దగ్గర, ‘గట్టిగా మండింది. అరిచాను. దొంగనుకుని వదిన చీపురు తెచ్చింది. పనికిరాదు’ అని ఉంది. పద్దెనిమిదో నంబరు దగ్గర రాత కాస్త వంకరపోయింది. ‘అన్నిటికంటే మంచిది. దాని కోసం కొత్త సీసా కొన్నాను. ఎలా ఇవ్వాలో తెలియడం లేదు. ఇస్తే, మచ్చలు నేనూ చూశానని దానికి తెలిసిపోతుంది. పాల ముందు పెడుతున్నాను. ఎప్పుడో ఒకరోజు అదే తీసుకుంటుంది.’

బుజ్జి వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తెరిచింది. పద్దెనిమిదో నంబరు పాల ముందే ఉంది. రెండు నెలలుగా దాన్ని ఎన్నిసార్లు నెట్టేసిందో తలుచుకుంటే ఏడుపొచ్చింది, దాని మెడకున్న ‘కదిలించరాదు’ చీటీ చూసి నవ్వొచ్చింది. చెవి వెనక రాసి చూసుకుంది. మూడు రోజులు ఏమీ కాలేదు.

నాలుగో రోజు పొద్దున రెండు చెంపలకూ రాసుకుంది. బాబాయి గదిలోంచి బయటికి రాగానే గుమ్మంలో ఆయనకు ఒక చెంప ఎదురైంది, వెంటనే రెండోది.

“ఎడమా, కుడా?” అంది బుజ్జి.

బాబాయి కళ్లద్దాలు పెట్టుకున్నాడు. భూతద్దం తెచ్చాడు. ఆమెను కిటికీ దగ్గరికి పిలిచి వెలుతురులో అటు తిప్పి ఒకసారి, ఇటు తిప్పి ఒకసారి, చాలాసేపు చూశాడు.

“రెండూ బావున్నాయమ్మా” అన్నాడు.

“రెండూ అంటే అది రిపోర్టు కాదు బాబాయ్.”

ఆయన నోటుపుస్తకం తెచ్చి, కొత్త పేజీలో తేదీ వేసి, ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో ఎన్నడూ రాయని మాట గుండ్రటి అక్షరాలతో రాసి, కింద సంతకం పెట్టాడు. రెండూ.