మేడంగారి బీరువాలో ఖాళీ గూడు

ఇబ్రహీంపట్నం దాటి విజయవాడ వస్తుంటే మా షేర్ ఆటోకు పంక్చరైంది. పక్కన కూర్చున్నావిడ చేపల గంప నా కాళ్ల దగ్గరికి నెట్టి, "కాకులొస్తాయి, కాస్త చూడండి బాబాయిగారూ" అంటూ రోడ్డు వారనున్న కంకర కుప్ప ఎక్కేసింది.

పేరు పెద్దింట్లమ్మ. పుట్టింది కొల్లేటి ఒడ్డున. ఇరవై ఏళ్లుగా విజయవాడలో ఇంటింటికీ తిరిగి చేపలమ్ముతోంది.

"ఏం వెతుకుతున్నావమ్మా?"

"నీలం రాయండి. సుధామణి మేడంగారికి."

సుధామణిగారు కాలేజీలో రాళ్ల గురించి పాఠం చెబుతారు. చేపలు ఈవిడ దగ్గరే కొంటారు. వాళ్లింట్లో ఒక అద్దాల బీరువా. ప్రతి రాయి కిందా చీటీ, చీటీ మీద ఆ రాయి ఎవరికి దొరికిందో వాళ్ల పేరు. సఫిరిన్ అనే అరుదైన నీలి ఖనిజానికి మాత్రం గూడు ఖాళీ. కొండపల్లి వైపు కొండల కంకరలో దొరికితే దొరకొచ్చునట.

"అన్నీ డాక్టర్ ఫలానా, ప్రొఫెసర్ ఫలానా అండి. మధ్యలో ఒక చేపలావిడ పేరుంటే బీరువా విరిగిపోద్దా?"

ఇప్పటికి రెండుసార్లు భంగపడింది. మొదటిది సీసా పెంకు. రెండోది బాత్రూం టైలు ముక్క.

"మేడంగారు నవ్వాపుకోలేక వంటింట్లోకెళ్లిపోయారండి. మూడోసారీ అలాగైతే ఇంక రాయి ముట్టనని ఒట్టేసుకున్నా."

రాళ్ల మీద పుస్తకాలు నేనూ చాలానే చదివాను. ఒకప్పుడు ఇలాగే గోల్కొండ వజ్రాల కథలు చదువుకుంటూ దిగాల్సిన స్టేషన్ దాటిపోయాను, అదలా ఉంచండి. రాయికి మొప్పలెత్తి చూడమని మాత్రం ఎక్కడా రాయలేదు. పెద్దింట్లమ్మ ప్రతి రాయినీ తిరగేసి, అంచు కింద బొటనవేలు దూర్చి, సరుకు తాజాదో కాదో తేల్చినట్టే చూస్తోంది.

ఉన్నట్టుండి కేక పెట్టింది. పిడికెడు నల్లరాయి. దాని ఒంటినిండా నీలి పలుకులు. నా సీసాలో నీళ్లన్నీ దాని మీద ఒంపేసింది.

"పలుగురాయితో గీస్తే గాజుకి గాడి పడిద్దంట, దీనికి పడదంట. మీరే గీయండి, నాకు చేతులాడట్లేదు."

నేనూ కుప్పెక్కి, తెల్లటి పలుగురాయి ఒకటి ఏరి నీలం మీద గట్టిగా గీశాను. తెల్లగా గీత పడింది.

"పోయిందండీ!" అని కంకరలోనే చతికిలబడింది. గీసిన చెయ్యి ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు నాకు.

చేపల పొలుసు తుడుచుకునే అలవాటేమో, ఊరికే కొంగుతో రాయిని తుడిచింది. గీత లేదు. గోటితో తడిమింది. నున్నగా ఉంది.

"బాబాయిగారూ! అరిగింది పలుగురాయండీ! ఇది కాదు!"

ఇద్దరం ఒక్కసారే ఎగిరాం. కాళ్ల కింద కంకర జారి ఇద్దరం కిందికొచ్చి పడ్డాం.

"డెబ్బయ్యేళ్లొచ్చాయి, ఇదేం గంతులండీ?" అన్నాడు డ్రైవరు.

"అయినా మేడంగారు చూసి చెప్పాలి కదమ్మా" అన్నాను మోకాలు దులుపుకుంటూ.

"చెప్తారండి! ఇంటిపేరుతో సహా రాయించుకుంటా. మోరు పెద్దింట్లమ్మ!"

గంప నెత్తికెత్తుకుంది. "టైరు బిగించేశాను, ఎక్కమ్మా" అని డ్రైవరు పిలుస్తూనే ఉన్నాడు. ఆవిడకు వినపడితే కదా! రాయిని గుప్పిట్లో బిగించి, తన పేరు తనే పైకి చదువుకుంటూ, నాతో ఒక్క మాటైనా చెప్పకుండా విజయవాడ వైపు అంగలేసుకుంటూ వెళ్లిపోయింది.